కంప్యూటర్ ఉన్నంత మాత్రాన అది ఫ్యాక్టరీ కాదు: మన మెడనొప్పి వెనక ఉన్న 1987 నాటి ఒక్క వాక్యం

నాగోల్ నుంచి ఇంకో ఎపిసోడ్. వీడియో చూసే టైమ్ లేనివాళ్లు మెట్రోలో చదువుకోవడానికి వీలుగా, నేను మాట్లాడిందే ఇక్కడ రాతలో పెడుతున్నాం.

ఈరోజు టాపిక్ మెడనొప్పి. ఆగండి, స్క్రోల్ చేసేయకండి. నేను డాక్టర్‌ని కాను, ఎక్సర్‌సైజులు చెప్పను. హిస్టరీ చెప్తాను. మన మెడకి, నడుముకి, మణికట్టుకి కూడా ఒక హిస్టరీ ఉంది. అందులో గుమాస్తాలున్నారు, తంతి ఆఫీసు వాళ్లున్నారు, మన ఈసీఐఎల్ ఉంది, భోపాల్ ఉంది. 1987లో మన పార్లమెంట్ ఒక చట్టంలో చేర్చిన ఒకే ఒక్క వాక్యం కూడా ఉంది. ఆ వాక్యం గురించి మన ఐటీ వాళ్లలో చాలామంది విని ఉండరు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నాగోల్‌లో నిలబడి చూస్తే

ముందు మ్యాప్ చూద్దాం. నాగోల్ నుంచి ఉప్పల్ దాటి పైకి వెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్. ఎలక్షన్లలో మనం నొక్కే ఈవీఎంలు తయారుచేసే రెండు సంస్థల్లో ఇది ఒకటి. 1967 ఏప్రిల్‌లో అణుశక్తి విభాగం కింద మొదలైంది. మొదలుపెట్టినాయన మన తెలుగాయన, ఏ.ఎస్. రావు గారు. ఏఎస్ రావు నగర్ అని బస్సు బోర్డు మీద రోజూ చదువుతాం కదా, ఆ రావు గారే. 1969లో ఈ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటర్‌ని తయారు చేసింది. మన దేశంలో సొంతంగా తయారైన తొలి కంప్యూటర్లలో అదొకటి. అంటే హైటెక్ సిటీ అనే మాట పుట్టక ముందే, కంప్యూటర్ మన తూర్పు వైపు పుట్టింది.

ఇప్పుడు నాగోల్ నుంచి పడమరకి చూడండి. బ్లూ లైన్ మెట్రో. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి అమీర్‌పేట దాకా, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది నవంబర్‌లో రాయదుర్గం దాకా వచ్చింది. దాదాపు 29 కిలోమీటర్లు. పొద్దున ఈ చివర ఎక్కిన బ్యాక్‌ప్యాకులు ఆ చివర దిగుతాయి, రాత్రికి మళ్లీ ఇటు వస్తాయి.

ఒక వైపు కంప్యూటర్ తయారుచేసే చోటు, ఇంకో వైపు కంప్యూటర్ ముందు కూర్చునే చోటు. ఇప్పుడు ప్రశ్న. కంప్యూటర్ తయారుచేసే మనిషి ఒంటికి ఏమైనా అయితే పట్టించుకోవడానికి మన దేశంలో ఒక పెద్ద చట్టం, దానికో ఇన్‌స్పెక్టర్, దానికో లిస్ట్ ఉన్నాయి. అదే కంప్యూటర్ ముందు రోజుకి 9 గంటలు కూర్చునే మనిషికి ఏముంది? ఈ తేడా ఎందుకొచ్చిందన్నదే ఈరోజు కథ.

300 ఏళ్ల కిందటి గుమాస్తా నొప్పి

కూర్చుని చేసే పని వల్ల రోగం వస్తుందని కనిపెట్టింది ఫిట్‌నెస్ ఇన్‌ఫ్లుయెన్సర్లు కాదు. ఇటలీలో బెర్నార్డినో రామజ్జిని అని ఒక డాక్టర్ ఉండేవాడు. పేషెంట్ రాగానే అడగాల్సిన ప్రశ్నల్లో 'నువ్వేం పని చేస్తావు?' అన్నది కూడా ఉండాలని చెప్పినాయన. వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద 1700లో పుస్తకం రాశాడు. 1713లో దాన్ని పెంచి మళ్లీ వేశాడు. అందులో రాతపని చేసే గుమాస్తాల మీద ఒక భాగం ఉంది.

వాళ్ల బాధకి ఆయన మూడు కారణాలు చెప్పాడు. ఒకటి, ఎప్పుడూ కూర్చునే ఉండటం. రెండు, చెయ్యి ఎప్పుడూ ఒకే దిక్కులో కదలడం. మూడు, తప్పు రాయకూడదన్న టెన్షన్. కలం తీసేసి కీబోర్డు పెట్టండి, దస్తావేజు తీసేసి ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ పెట్టండి. మనమే! కుడి చెయ్యి పడిపోయిన ఒక నోటరీ గురించి కూడా రాశాడు. పాపం ఆయన ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకి ఎడమ చేతికీ అదే నొప్పి వచ్చింది. అంటే సమస్య ఆ చేతిలో లేదు, పనిలో ఉంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మన దగ్గర కూడా కరణాలున్నారు, కోమటి కొట్లో పద్దులు రాసే గుమాస్తాలున్నారు. నేల మీద బాసింపట్టు వేసుకుని, ముందు వాలుగా ఉన్న చెక్క పెట్టె పెట్టుకుని రాసేవాళ్లు. వాళ్ల నడుము గురించి ఎవరూ పుస్తకం రాయలేదు. 'పెద్దాయనకి నడుం పట్టేసింది' అని ఇంట్లో వాళ్లు అనుకుని, ఆవనూనె రాసి వదిలేశారంతే.

తర్వాత టెలిగ్రాఫ్ వచ్చింది. మన పెద్దవాళ్లు తంతి అనేవారు. ఇంటికి తంతి వచ్చిందంటే ఎవరో పోయారేమో అని చదవకముందే ఏడుపు మొదలయ్యేది. ఆ తంతి పంపే ఆపరేటర్ రోజంతా ఒకే మీటని టకటకా నొక్కాలి. కొన్నేళ్లకి వేళ్లు బిగుసుకుపోయేవి. బ్రిటన్‌లో ఈ జబ్బుకి 'టెలిగ్రాఫిస్ట్స్ క్రాంప్' అని పేరు పెట్టారు. 1908లో, పని వల్ల వస్తే నష్టపరిహారం ఇవ్వాల్సిన జబ్బుల లిస్ట్‌లో చేర్చారు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. అప్పటిదాకా ఆ ఆపరేటర్‌కి 'నీ చెయ్యి వీక్, నీ నరాలు వీక్' అని చెప్పి పంపేసేవాళ్లు. లిస్ట్‌లోకి ఎక్కాక అదే నొప్పికి ఒక పేరు, ఒక హక్కు వచ్చాయి. జబ్బు అంతకుముందు కూడా ఉంది. లిస్ట్ వచ్చాకే అది లెక్కలోకి వచ్చింది.

మన చట్టం మిల్లులో పుట్టింది

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. 100 మంది, ఆపైన పనిచేసే ఫ్యాక్టరీలకే వర్తించేది. అందులో ముఖ్యమైన రూల్ ఏంటో తెలుసా? ఏడేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. అంటే ఏడు నిండితే ఓకే అన్నమాట! అక్కడి నుంచి 1891, 1911, 1922, 1934 అంటూ మార్చుకుంటూ వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఇప్పుడు మనం మాట్లాడుకునే ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. దాని మీద ఉన్న తేదీ 1948 సెప్టెంబర్ 23. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది సెప్టెంబర్ 17న. ఆరు రోజులు తేడా. ఇక్కడ అంత గొడవ నడుస్తుంటే, ఢిల్లీలో మిల్లు కార్మికుడి కోసం ఈ చట్టం రాస్తున్నారు. తర్వాత అది మన దాకా కూడా వచ్చింది.

చదివితే నిజంగా మంచి చట్టం. వారానికి 48 గంటలు, రోజుకి 9 గంటలు దాటకూడదు. 5 గంటల పనికి మించకుండా కనీసం అరగంట బ్రేక్ ఇవ్వాలి. గాలి ఎంత, వెలుతురు ఎంత, ఒక్కో మనిషికి ఎంత జాగా, తాగే నీళ్లు, టాయిలెట్లు, 250 మంది దాటితే క్యాంటీన్, అన్నీ ఉన్నాయి. ఎంత బరువు ఎత్తించొచ్చు అన్న దానికి కూడా సెక్షన్ ఉంది.

అందులో 44వ సెక్షన్ నాకు చాలా ఇష్టం. నిలబడి పని చేయాల్సిన వాళ్లకి, మధ్యలో వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలి అంటుంది. ఎంత మానవత్వం చూడండి. మగ్గం ముందు పొద్దంతా నిలబడ్డ మనిషికి ఒక స్టూల్.

కానీ ఇక్కడే ఆ చట్టానికి ఒక ఊహ ఉంది. కష్టం అంటే నిలబడటం, సుఖం అంటే కూర్చోవడం. 1948లో అది కరెక్టే. కూర్చోవడమే కష్టమయ్యే రోజు వస్తుందని మిల్లు కాలంలో ఎవరు అనుకుంటారు? ఇప్పటికీ మన ఇళ్లలో చూడండి. 'నీకేంరా, ఏసీలో కూర్చుని చేసే ఉద్యోగం' అంటారు. అమ్మానాన్నలు ఎండలో, షాపులో, పొలంలో పడ్డ కష్టం ముందు మన నొప్పి వాళ్లకి నొప్పిలా కనపడదు. వాళ్లని తప్పు పట్టలేం. చట్టం కూడా అచ్చం అలాగే ఆలోచించింది.

ఈ చట్టం చివర్లో మూడో షెడ్యూల్ అని ఒక లిస్ట్ ఉంది. పని వల్ల వచ్చే జబ్బులు, ఎవరికైనా వస్తే ప్రభుత్వానికి రిపోర్ట్ చేయాల్సినవి. మొత్తం 29. సీసం విషం, పాదరసం విషం, ఆంత్రాక్స్, సిలికోసిస్, ఆస్‌బెస్టాసిస్, పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులకి వచ్చే బిసినోసిస్, పెద్ద శబ్దాల వల్ల చెవుడు... ఇలా. ప్రతిదాని వెనక వేలమంది మనుషులున్నారు. ఆ 29లో మెడ లేదు, నడుము లేదు, మణికట్టు లేదు.

1987: ఆ ఒక్క వాక్యం

1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి. భోపాల్. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీక్ అయింది, వేలమంది చనిపోయారు. పనిచేసే చోటు ఎంత ప్రమాదకరమో దేశానికి ఆ రాత్రి అర్థమైంది. మూడేళ్లకి, 1987లో, ఫ్యాక్టరీల చట్టాన్ని గట్టిగా సవరించారు. ప్రమాదకరమైన పరిశ్రమల కోసం ఏకంగా ఒక కొత్త అధ్యాయమే చేర్చారు. అవసరమైన మార్పు.

ఆ సవరణలోనే, 'ఫ్యాక్టరీ అంటే ఏమిటి' అని చెప్పే నిర్వచనం కింద ఒక చిన్న వివరణ కూడా చేర్చారు. దాని సారాంశం మన మాటల్లో చెప్తాను. ఒక చోట ఎలక్ట్రానిక్ డేటా ప్రాసెసింగ్ యూనిట్ గానీ కంప్యూటర్ యూనిట్ గానీ పెట్టినంత మాత్రాన, అక్కడ వస్తువుల తయారీ ఏదీ జరగనప్పుడు, దాన్ని ఫ్యాక్టరీ అనకూడదు.

ఇదే నేను మొదట్లో చెప్పిన వాక్యం. 1987 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

తప్పా? ఆ రోజుల్లో నిలబడి ఆలోచిస్తే తప్పు కాదు. అప్పుడప్పుడే బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయి. 1983లో బ్యాంకు యూనియన్లు, మేనేజ్‌మెంట్లు కూర్చుని కంప్యూటర్ల మీద ఒప్పందం రాసుకున్నాయి. ఉద్యోగాలు పోతాయేమో అన్నదే అప్పటి పెద్ద భయం. ఒక బ్రాంచిలో రెండు మెషీన్లు పెట్టగానే దాన్ని ఫ్యాక్టరీ అని, పొగగొట్టాలు చూసే ఇన్‌స్పెక్టర్‌ని పంపిస్తే కామెడీగా ఉంటుంది. కాబట్టి 'కంప్యూటర్ రూమ్ ఫ్యాక్టరీ కాదు' అని క్లియర్‌గా రాశారు.

ప్రాబ్లమ్ ఎక్కడంటే, అది ఏది కాదో రాశారు గానీ, ఏంటో రాయలేదు.

అదే 1987లో హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూడండి. సత్యం కంప్యూటర్స్ మొదలైంది. పదకొండేళ్లకి, 1998 నవంబర్‌లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి గారు ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాద్‌కి వచ్చింది. వైటూకే పని, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్, కాల్ సెంటర్లు, తర్వాత ఇప్పుడున్న పెద్ద క్యాంపస్‌లు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్లు, అమీర్‌పేట మైత్రీవనంలో కోచింగ్‌లు, ఊళ్ల నుంచి బస్సు దిగిన వేలమంది పిల్లలు. 1987లో 'ఒక రూమ్‌లో రెండు మెషీన్లు' అనుకుని రాసిన వాక్యం, 30 అంతస్తుల టవర్‌ల మీద కూడా అలాగే నిలబడింది.

మరి మన ఆఫీసు ఏ చట్టం కింద ఉంది?

షాపుల చట్టం కింద. నిజంగానే! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చిన షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, ఇప్పుడు తెలంగాణ పేరుతో నడుస్తోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపుకి, రాయదుర్గంలో ఐటీ టవర్‌కి ఒకే చట్టం. అందులో శుభ్రత గురించి ఉంది, గాలి గురించి ఉంది, అగ్నిప్రమాదాల గురించి ఉంది. మీ మానిటర్ ఎత్తు గురించి ఉండదు. ఎందుకంటే అది షాపుల కోసం ఆలోచించి రాసింది.

పైగా ఐటీ కంపెనీలకి ఆ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. ఆఫీసు తెరిచే మూసే వేళలు, మహిళల నైట్ షిఫ్ట్ లాంటి విషయాల్లో. అమెరికా టైమ్‌లో పనిచేసే కంపెనీకి రాత్రి షట్టర్ మూయమంటే కుదరదు కదా, అందుకు. షరతులున్నాయి: వారానికి 48 గంటలు దాటకూడదు, వీక్లీ ఆఫ్ ఇవ్వాలి, నైట్ షిఫ్ట్ మహిళలకి క్యాబ్, సెక్యూరిటీ ఇవ్వాలి. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఇంకో జీవో ఇచ్చింది. వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చు, కానీ వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి అని.

గమనించారా? ఈ మొత్తం చర్చ గంటల మీదే జరుగుతోంది. ఒకాయన వారానికి 70 గంటలు అంటాడు, ఇంకొకాయన 90 అంటాడు, మనం మీమ్స్ వేస్తాం. గంటలు ముఖ్యమే. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేయడం వల్ల వచ్చిన గుండెజబ్బులు, పక్షవాతంతో 2016లో ప్రపంచంలో 7,45,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క చెప్పాయి. కానీ ఆ గంటలు ఎలా కూర్చుని గడుపుతున్నాం, ఏ కుర్చీలో, ఏ స్క్రీన్ ముందు? దాని మీద మాట్లాడేవాళ్లు తక్కువ.

వేరే దేశాల్లో ఏం చేశారు

1980లలో ఆస్ట్రేలియాలో కీబోర్డు మీద పనిచేసేవాళ్లకి చేతుల నొప్పులు పెద్దఎత్తున వచ్చాయి. ఆర్ఎస్ఐ అన్న మాట అప్పుడే అందరి నోళ్లలో పడింది. అంటే ఒకే కదలికని మళ్లీ మళ్లీ చేయడం వల్ల వచ్చే దెబ్బ. నిజంగా జబ్బేనా, ఊహా అని అక్కడ కూడా పెద్ద గొడవ నడిచింది. తంతి ఆపరేటర్‌కి చెప్పిన డైలాగులే మళ్లీ చెప్పారు.

1990లో యూరోపియన్ కమ్యూనిటీ దేశాలు కలిసి స్క్రీన్ ముందు పనిచేసేవాళ్ల కోసం ఒక ఆదేశం తెచ్చాయి. బ్రిటన్ 1992లో దాన్ని తన రూల్స్‌గా రాసుకుంది. అందులో ఏముందంటే, ప్రతి ఉద్యోగి డెస్క్‌ని కంపెనీ పరీక్షించి చూడాలి. మధ్యమధ్యలో బ్రేక్ ఉండేలా పని ప్లాన్ చేయాలి. అడిగితే కంటి పరీక్ష కంపెనీ ఖర్చుతో చేయించాలి. కుర్చీ ఎత్తు మార్చుకోగలగాలి, వెనక ఆనుకునే భాగం కూడా ఎత్తు, వాలు మార్చుకోగలగాలి. కాళ్లు నేలకి ఆనకపోతే ఫుట్‌రెస్ట్ అడగొచ్చు.

వీటిలో ఇంకో రూల్ నాకు బాగా నచ్చింది. కీబోర్డు, స్క్రీన్ వేరువేరుగా ఉండాలి. ఎందుకో చూడండి. రెండూ అతుక్కుని ఉంటే, చేతులకి కరెక్ట్ ఎత్తులో పెడితే స్క్రీన్ కిందకి పోయి మెడ వంగుతుంది. కళ్లకి కరెక్ట్ ఎత్తులో పెడితే చేతులు గాల్లోకి లేస్తాయి. రెండూ అతుక్కున్న ఆ మెషీన్ పేరేంటి? ల్యాప్‌టాప్. మనకి జాయినింగ్ రోజు చేతికిచ్చేది అదే. 1990లోనే యూరప్ 'పొద్దంతా ఇలా వద్దు' అని రాసుకున్న పద్ధతిలో, మనం 2020 మార్చి తర్వాత డైనింగ్ టేబుల్ మీద, మంచం మీద, బీన్ బ్యాగ్ మీద రెండేళ్లు పనిచేశాం. ఆఫీసు ఇంటికొచ్చింది గానీ ఆఫీసు కుర్చీ రాలేదు.

నాగోల్‌లో ఆర్టీఏ డ్రైవింగ్ టెస్ట్ ట్రాక్ ఉంది. డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఫస్ట్ రోజు ఏం చెప్తారు? కీ తిప్పకముందు సీటు జరుపుకో, అద్దాలు సర్దుకో, బెల్ట్ పెట్టుకో. 20 నిమిషాల డ్రైవింగ్‌కి అది. 9 గంటల డెస్క్‌కి మాత్రం ఎవరూ చెప్పరు. ముందు కూర్చున్నవాడు కుర్చీ ఏ ఎత్తులో వదిలి పోయాడో, మనం అదే ఎత్తులో మొదలుపెడతాం.

లిస్ట్‌లో లేని నొప్పి

నా సంగతి కొంచెం చెప్తాను. బీటెక్ అయ్యాక నాలుగేళ్లు కోడ్ రాశాను. కంపెనీ పేరు అనవసరం. రెండో ఏడాదిలో కుడి మణికట్టు మొదలైంది. రాత్రి నిద్రలో వేళ్లు తిమ్మిరెక్కి లేచేవాణ్ణి. డాక్టర్ వేరే కీబోర్డు, చేతులు ఆనే కుర్చీ వాడమని కాగితం రాసిచ్చారు. ఆఫీసు టికెట్ పోర్టల్ ఓపెన్ చేశాను. ఏసీ ఉంది, వైఫై ఉంది, ఐడీ కార్డు ఉంది, క్యాబ్ ఉంది, ఫుడ్ కోర్టు కూపన్ కూడా ఉంది. కుర్చీకి కేటగిరీ లేదు. 'అదర్స్'లో వేస్తే మూడు వారాలకి ఆటోమేటిక్‌గా క్లోజ్ అయింది. తర్వాత నెలలో లంచ్ టైమ్‌లో ఎర్గోనామిక్స్ మీద వెబినార్ పెట్టారు. ఫ్లోర్ మొత్తం ల్యాప్‌టాప్‌ల మీద మెడలు వంచుకుని, నిటారుగా ఎలా కూర్చోవాలో చూశాం.

నవ్వొస్తుంది గానీ, అసలు విషయం అక్కడే ఉంది. లిస్ట్‌లో లేని నొప్పికి రిపోర్ట్ ఉండదు. రిపోర్ట్ లేకపోతే లెక్క ఉండదు. లెక్క లేకపోతే సమస్యే లేదు. అప్పుడు నొప్పి నీది అయిపోతుంది. 'జిమ్‌కి వెళ్లు, యోగా చెయ్యి, ఫోన్ తక్కువ చూడు.' రామజ్జిని చూసిన నోటరీ గుర్తున్నాడా? చెయ్యి మార్చుకున్నా నొప్పి వచ్చింది. యోగా మంచిదే. కానీ గంట యోగా చేసి, మళ్లీ అదే బల్ల ముందు 9 గంటలు అలాగే కూర్చుంటే ఆ నోటరీ కథే మనదీ.

లెక్క వేస్తే ఏమవుతుందో ఈ మధ్యే చూశాం. హైదరాబాద్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ రీసెర్చర్లు మన సిటీ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో స్టడీ వేశారు. 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. 71 శాతం మంది ఒబేసిటీలో ఉన్నారు. దీనికి కూర్చోవడం ఒక్కటే కారణం కాదు, తిండి, నిద్ర, షిఫ్ట్‌లు, స్ట్రెస్ అన్నీ కలుస్తాయి. కానీ ఈ నంబర్ పార్లమెంట్ దాకా వెళ్లింది, కేంద్ర ఆరోగ్య మంత్రి ప్రస్తావించారు. ఎందుకు? ఎవరో లెక్కపెట్టారు కాబట్టి. లివర్‌కి ఒక నంబర్ దొరికింది. మెడకి ఇంకా దొరకలేదు.

2025: తలుపు కొంచెం తెరుచుకుంది

ఇప్పుడు కొత్త సంగతి. 2020లో పార్లమెంట్ పాస్ చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, మిగతా మూడు లేబర్ కోడ్‌లతో కలిసి 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. పాత ఫ్యాక్టరీల చట్టం దీనిలో కలిసిపోయింది.

ఇందులో మనకి పనికొచ్చేది ఒకటుంది. ఇది ఫ్యాక్టరీ దగ్గరే ఆగదు. 10 మంది, ఆపైన వర్కర్లు పనిచేసే వ్యాపార సంస్థలు కూడా 'ఎస్టాబ్లిష్‌మెంట్' కిందకి వస్తాయి. ఉద్యోగులకి గాయం గానీ పని వల్ల వచ్చే జబ్బు గానీ కలిగించే ప్రమాదాలు లేకుండా చోటుని ఉంచడం యజమాని బాధ్యత అని రాశారు. 40 దాటిన వాళ్లకి ఏటా ఉచిత హెల్త్ చెకప్ అని కేంద్రం ప్రకటించింది. మంచిదే. కానీ ఇది చదివేవాళ్లలో చాలామంది 20ల్లో ఉన్నారు. మన మణికట్టు 40 దాకా ఆగేలా లేదు.

ఇంకోటి, జబ్బుల లిస్ట్. కొత్త కోడ్‌లో కూడా మూడో షెడ్యూల్ ఉంది. ఎన్ని జబ్బులు? అవే 29. సీసం, పాదరసం, ఆంత్రాక్స్... మెడ ఇంకా బయటే ఉంది. 1908లో తంతి ఆపరేటర్ చెయ్యి లిస్ట్‌లోకి ఎక్కింది. మన దేశంలో చివరి టెలిగ్రామ్ 2013 జులైలో వెళ్లిపోయింది. తంతి పోయింది, దానికంటే వందరెట్లు మీటలు నొక్కే మనం మాత్రం ఇంకా లిస్ట్ బయటే ఉన్నాం.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. మన నొప్పిని మన బద్ధకం ఖాతాలో వేసుకోవడం ఆపుదాం. దాన్ని పని ఖాతాలో రాయిద్దాం.

ఎలాగంటే, నొప్పి మొదలైతే డాక్టర్‌కి మీరేం పని చేస్తారో, రోజుకి ఎన్ని గంటలు చేస్తారో కూడా చెప్పండి. ఆ కాగితం మీద అది రాయమనండి. కుర్చీ, మానిటర్, కీబోర్డు కావాలంటే టీ దగ్గర మేనేజర్‌తో అనడం కాకుండా మెయిల్ పెట్టండి. మెయిల్ ఉంటే లెక్క ఉన్నట్టే. మీ కంపెనీకి లండన్‌లో ఆఫీసు ఉందా? అయితే అక్కడి ఉద్యోగుల డెస్క్‌లని చట్టప్రకారం పరీక్షించాల్సిందే. 'అక్కడ వాడే అదే ఫామ్ మాకూ ఇవ్వండి' అని మర్యాదగా అడగండి. ఒక్కరే అడిగితే 'అదర్స్'లో పడుతుంది. ఫ్లోర్‌లో 20 మంది ఒకే వారం అడిగితే పోర్టల్‌లో కొత్త కేటగిరీ పుడుతుంది. చట్టాల్లో లిస్ట్‌లు కూడా అలాగే పెరిగాయి. బిసినోసిస్ దానంతట అది షెడ్యూల్‌లోకి నడిచి రాలేదు, దగ్గుతున్న మిల్లు కార్మికులు దాన్ని మోసుకొచ్చారు.

మీ ఆఫీసులో కుర్చీ కోసం అడిగితే ఏం సమాధానం వచ్చిందో రాసి పంపండి. కంపెనీ పేరు వద్దు, సమాధానం చాలు. తగినన్ని వస్తే వాటి మీదే ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.